ఫోర్జా హొరైజన్ 5: ఆర్ఎక్స్-7 ప్రతి మలుపులో తోక తిప్పేస్తోంది, నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

రాత్రిబండి:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి.

నేనుండేది కూకట్‌పల్లిలో. షిఫ్టు రాత్రి పదకొండుకి అయిపోతుంది. ఇంటికొచ్చి తిని, పాప, మా ఆవిడ పడుకున్నాక హాల్లో సౌండు తగ్గించుకుని ఓ గంటన్నర ఈ కార్ల రేసు ఆట ఆడతాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు తిరిగినప్పుడు వెళ్లి చూశాను. అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి.

ఇప్పుడు నా బాధ. 1997 మాజ్డా ఆర్ఎక్స్-7 కొన్నాను. ఆట బండ్లకిచ్చే రేటింగులో ఏ క్లాసు, దాని హద్దు 800, సరిగ్గా అక్కడ ఆపాను. టర్బో, ఇంటర్‌కూలర్, ఎగ్జాస్టు, ఇంకా దొరికినవన్నీ ఇంజిన్‌కే పెట్టాను, పవర్ 450 దాకా వచ్చింది. టైర్లు బండితో వచ్చినవే, మార్చలేదు. సస్పెన్షన్, డిఫరెన్షియల్ మాత్రం రేస్ రకం వేశాను, ట్యూనింగ్ చేసుకోవచ్చని.

హొరైజన్ మెక్సికో సర్క్యూట్‌లో రైవల్స్ మోడ్ (వేరేవాళ్ల ల్యాపు టైముతో పోటీ) ఆడుతున్నాను. మలుపులోకి దిగేటప్పుడు బండి బంగారం. బ్రేకు కొట్టినా ఏమీ అనదు. సగం మలుపు దాటాక, ఇక బయటికి పోదామని కంట్రోలర్ మీద యాక్సిలరేటర్ ట్రిగ్గర్ నొక్కుతానా, వెనక భాగం ఒక్కసారిగా జారిపోతుంది. భయపడి ట్రిగ్గర్ వదిలేస్తే ఇంకా ఘోరం. రెండో వైపుకి ఈడ్చి కొట్టి, బొంగరంలా తిప్పి గోడకి అంటిస్తుంది. పది ల్యాపులు తిరిగితే ఏడెనిమిదిట్లో ఇదే వరస. రివైండ్ నొక్కితే ల్యాపు చెల్లదు కదా, మళ్లీ మొదటినుంచి.

నేను చేసినవి: వెనక పెద్ద రెక్క పెట్టి డౌన్‌ఫోర్స్ చివరిదాకా లాగాను. తేడా లేదు. వెనక గట్టిగా ఉంటే పట్టు బాగుంటుందని వెనక యాంటీ రోల్ బార్ 42 చేశాను (ముందు 18). వెనక స్ప్రింగులు కూడా ముందువాటికంటే గట్టిగా పెట్టాను. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగే కోణం) ముందు -1.5, వెనక -2.5. గాలి నాలుగింటికీ 30. డిఫరెన్షియల్ యాక్సిలరేషన్ 95, డీసిలరేషన్ 10, ఇది ఏదో వీడియోలో చూసి పెట్టింది. బ్రేక్ బ్యాలెన్స్ 50. స్టీరింగ్ సిమ్యులేషన్. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా ఆటే పవర్ తగ్గించేది) ఆఫ్. ఆఫీసులో ఒకడు అది ఆన్‌లో పెట్టుకుని ఆడేవాళ్లని చిన్నపిల్లలంటాడు, ఆ మాట పడలేక ఆఫ్ చేశాను.

ఒక విన్నపం. ఆల్ వీల్ డ్రైవ్‌కి (నాలుగు చక్రాలకీ పవర్ పోయేలా) మార్చమని మాత్రం చెప్పకండి. వెనక చక్రాల బండి నడపడం నేర్చుకోవాలనే ఇది కొన్నాను.

టర్బో_తమ్ముడు:

బ్రో, ఆల్ వీల్ డ్రైవ్ వేసెయ్.

చదివాలే, వద్దన్నావని. అయినా చెప్తున్నా. లేదంటే వేరేవాళ్లు చేసి పెట్టిన ట్యూన్లు ఉంటాయి కదా ఆటలోనే, ఎక్కువమంది దించుకున్నదొకటి దించుకో, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. రాత్రి గంటన్నరే ఆడేవాడివి, అందులో గంట మెనూల్లో కూర్చుంటే ఎలా?

అలైన్‌మెంట్_బాబాయ్:

తమ్ముడు చెప్పింది తప్పు కాదు గానీ, దించుకున్న ట్యూను ఎందుకు బాగుందో తెలియదు, చెడితే ఎందుకు చెడిందో కూడా తెలియదు. పైగా ఆల్ వీల్‌కి మారిస్తే బరువు పెరుగుతుంది, 800 లోపల ఉండటానికి ఇంకేదో పీకాలి.

రాత్రిబండి గారూ, నాది తెనాలిలో వీల్ అలైన్‌మెంట్ షాపు. ఇరవై రెండేళ్లయింది పెట్టి. ఈ ఆట మా మేనల్లుడిది. వాడు చదువుకని చెన్నై పోతూ హాస్టల్లో పెట్టుకోవడానికి లేదని కన్సోల్ నా దగ్గర వదిలిపోయాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపుకి ఎవరూ రారు, అప్పుడు ఆడతాను. ట్యూనింగ్ మెనూ తెరిచి చూస్తే క్యాంబరు, టో, క్యాస్టరు, అన్నీ నా రోజువారీ సరుకే. అప్పట్నుంచి మా ఆవిడకి నేను షాపులో పని చేస్తున్నానో ఆడుతున్నానో తెలియడం లేదు.

షాపుకొచ్చి "బండి లాగుతోందండీ" అంటారు. ఎప్పుడు లాగుతోంది, బ్రేకు కొడితేనా, ఊరికే పోతుంటేనా, లోడు మీదా, ఖాళీగానా అని అడక్కుండా మేం స్పానరు పట్టుకోం. మీరు ఆ సమాధానం ముందే రాశారు. దిగేటప్పుడు బాగుంది, బ్రేకులో బాగుంది, ట్రిగ్గర్ నొక్కితేనే జారుతోంది. అన్నిటినీ ఓవర్‌స్టీర్ అనే ఒక్క పేరుతో పిలుస్తారు గానీ, బ్రేకులో వచ్చేది వేరు, కాలు తీస్తే వచ్చేది వేరు, పవర్ ఇస్తే వచ్చేది వేరు. మీకున్నది మూడోది. వదిలేస్తే ఎదురు కొట్టడమేమో రెండోది, అది దాని వెనకే వస్తోంది. కాబట్టి బ్రేక్ బ్యాలెన్స్ ముట్టుకోవద్దు, అది చేసిన పాపం ఏమీ లేదు.

రెక్క ఎందుకు పని చెయ్యలేదో చెప్తాను. గాలి ఒత్తిడి వేగం పెరిగినకొద్దీ వేగం వర్గంలా పెరుగుతుంది. 140 లో రెక్క ఎంత నొక్కుతుందో 70 లో అందులో పావు వంతే నొక్కుతుంది. మీరు జారుతున్నది రెండో గేరు మలుపుల్లో అనుకుంటున్నాను. అక్కడ రెక్క అలంకారమే. పైగా తిన్నని రోడ్డు మీద వేగం తినేస్తుంది.

ఇప్పుడు అసలు దొంగ. డిఫరెన్షియల్ 95.

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ వేరువేరు వేగాల్లో తిరగడానికే డిఫరెన్షియల్ ఉన్నది. మామూలు బండిలో అది పూర్తి స్వేచ్ఛ ఇస్తుంది. దానివల్ల తేలికైన లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది, బురదలో ఇరుక్కున్న బండికి ఒక చక్రమే గిర్రున తిరగడం చూసి ఉంటారు. రేస్ రకంలో ఆ రెంటినీ కొంత కలిపి కడతారు. మీరు 95 పెట్టారంటే పవర్ ఇవ్వగానే రెండు చక్రాలకీ దాదాపు ఒకే ఇరుసు వెల్డింగ్ చేసినట్టు. జారితే రెండూ ఒకేసారి జారతాయి. టైరు ముందుకి తొయ్యడానికే తన పట్టంతా ఖర్చు చేస్తే, పక్కకి జారకుండా పట్టుకోవడానికి మిగిలేది ఉండదు. ఒకటి జారి రెండోది పట్టుకుని ఉంటే తోక నిలబడుతుంది, రెండూ పోతే ఇంకెవరు ఆపాలి? డ్రిఫ్ట్ చేసేవాళ్లకి అదే కావాలి. మీరు చూసింది డ్రిఫ్ట్ వీడియో అయి ఉంటుంది.

దాన్ని 50 చెయ్యండి. ఇంకేదీ మార్చకుండా పది ల్యాపులు తిరగండి. మలుపు బయటికొచ్చేటప్పుడు ఇంజిన్ చప్పుడు పెరుగుతూ బండి కదలడం లేదంటే లోపలి చక్రం వృథాగా తిరుగుతోందని అర్థం, అప్పుడు ఐదైదు చొప్పున పెంచుకోండి. తగ్గించమన్నాను కదా అని 10 కి మాత్రం దించకండి.

ట్రిగ్గర్ వదిలితే ఎదురు కొట్టడానికి డీసిలరేషన్ 10 ఒక కారణం. దాన్ని 25 చెయ్యండి. కాలు తియ్యగానే బరువు ముందుకి ఉరుకుతుంది, వెనక టైర్లు తేలికైపోతాయి. అప్పుడు వెనక రెండు చక్రాలూ కొంచెం కలిసి ఉంటే బండి తిన్నగా ఉండటానికి చూస్తుంది. మరీ పెంచితే మలుపులోకే దిగనంటుంది. ఇక తోక జారినప్పుడు ట్రిగ్గర్ మొత్తం వదలొద్దు. సగానికి తగ్గించి, జారిన వైపుకే స్టీరింగ్ తిప్పండి. ఇది ట్యూనింగ్ కాదు, వేలి అలవాటు.

"గట్టిగా ఉంటే పట్టు" అన్నారు చూశారా, ఆ మాట నేను వారానికి రెండుసార్లు వింటాను. ఓ వానాకాలం ఒక పికప్ బండి డ్రైవరు వచ్చాడు, ఖాళీ బండి గుంటూరు రోడ్డులో మలుపు దగ్గర వెనక జారి వరి పొలంలోకి దిగిందని. చూస్తే వెనక టైర్లలో నిండు లోడుకి పెట్టే గాలే ఉంది, కమాన్ కట్టలు అదనంగా ఒక పట్టీ వేయించి మరీ గట్టి చేయించాడు. లోడు మీద అది సరే. ఖాళీగా వానలో పోతుంటే టైరు రోడ్డు మీద కూర్చోవడం మానేసి గెంతుతోంది. మీ ఆర్ఎక్స్-7 కూడా అదే పికప్ ఇప్పుడు.

యాంటీ రోల్ బార్ అంటే మేం స్టెబిలైజర్ రాడ్డు అనేది. మలుపులో బండి బయటికి ఒరుగుతుంది కదా, అప్పుడు లోపలి టైరు మీద బరువు తగ్గి బయటి టైరు మీద పెరుగుతుంది. ఆ రాడ్డు ఏ వైపు గట్టిగా ఉంటే, ముందయితే ముందు, వెనకయితే వెనక, ఆ బరువు మార్పిడి అక్కడ ఎక్కువ జరుగుతుంది. చెరొక 300 కిలోలు మోస్తున్న రెండు టైర్లు ఇచ్చే పట్టు, ఒకటి 500, ఇంకొకటి 100 మోస్తే రాదు. బరువు పెరిగినంతగా పట్టు పెరగదు టైరుకి. అంటే మీరు వెనక 42 పెట్టి మీ చేత్తోనే వెనక పట్టు తగ్గించారు. ఈ బండికి బరువు ముందు వెనక దాదాపు సగం సగం. అందుకని రాడ్లు కూడా కొంచెం అటూ ఇటూగా సమానంగా మొదలుపెడితే మంచిది. వెనక 24 కి దించండి. ముందు 18 ని ఇప్పుడే కదపొద్దు.

స్ప్రింగులు కూడా వెనక ముందుకంటే ఒక పిసరు మెత్తగా. పవర్ ఇచ్చినప్పుడు వెనక కూర్చోవాలి, కూర్చుంటేనే టైరు మీద బరువు నిలుస్తుంది. షాకబ్జర్ల సంగతి తర్వాత చూద్దాం, ముందే కెలికితే ఏది ఏం చేసిందో తెలియదు.

క్యాంబర్ వెనక -2.5 చాలా ఎక్కువ. అంత వంచితే తిన్నగా తోసేటప్పుడు టైరు లోపలి అంచు మీదే నిలబడుతుంది. మా షాపుకొచ్చే టైర్లు లోపలి వైపు గుండు కొట్టినట్టు అరిగి, బయటివైపు కొత్తగా ఉంటాయే, అదే. ఆటలో అరిగింది కనపడదు గానీ టెలిమెట్రీలో టైరు వేడి చూపించే పేజీ ఉంది. లోపల, మధ్య, బయట మూడు అంకెలుంటాయి. లోపలి అంకె మిగతా రెంటికంటే బాగా పైన ఉంటే క్యాంబర్ తగ్గించండి. -1.0 తో మొదలుపెట్టండి. వెనక టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచుల మళ్లింపు, లోపలికి 0.1, అంతే. గాలి వెనక 27.

ఇంత రాశాక మొట్టమొదట చెప్పాల్సింది ఇప్పుడు గుర్తొచ్చింది. 450 గుర్రాలకి బండితో వచ్చిన టైర్లేంటండీ! ఆ రెండు టైర్లు ఎంతకని పట్టుకుంటాయి? స్పోర్ట్ టైర్లు వేసి, వెనక వెడల్పు ఒకటి రెండు మెట్లు పెంచండి. 800 దాటిపోతుంది కాబట్టి టర్బో ఒక మెట్టు దించండి. పెద్ద టర్బో ఇంకో పని కూడా చేస్తుంది, కింద ఏమీ ఇవ్వదు, ఒక దగ్గర మొత్తం ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. సరిగ్గా మీరు మలుపు మధ్యలో ఉన్నప్పుడు. ఈ టైర్ల పని ముందు చేసి, తర్వాత పైన రాసినవి ఒక్కొక్కటిగా చెయ్యండి. ఒక్కొక్కటిగా.

డబ్ల్యూ_కీ:

బాబాయ్ గారి సమాధానం దాచుకున్నాను. నేను ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఆడతాను, కంట్రోలర్ కొనలేదు, హాస్టల్ అమ్మాయిని. నాకు డబ్ల్యూ నొక్కితే అయితే సున్నా, లేకపోతే వంద, మధ్యలో ఏమీ ఉండదు. కాబట్టి పవర్ ఓవర్‌స్టీర్ మీద నేను పీహెచ్‌డీ చేశాను.

మలుపు రెండో గేరులో కాకుండా మూడో గేరులో తీసి చూడండి. చక్రానికి చేరే బలం గేరుతో గుణింతమవుతుంది, గేరు పెరిగితే ఆ బలం తగ్గుతుంది. బయటికొచ్చేటప్పుడు కొంచెం మందంగా అనిపిస్తుంది కానీ బండి మీ మాట వింటుంది. ఎప్పుడూ రెండే వాడాలంటే ట్యూనింగ్‌లో రెండో గేరు కొంచెం పొడుగు చెయ్యండి, అదీ అదే పని.

రెండు ప్రశ్నలు. ఒకటి, సిమ్యులేషన్ స్టీరింగ్ కంట్రోలర్ మీద నిజంగా అవసరమా? స్టాండర్డ్ పెడితే మీ బొటనవేలు చేసే తప్పుల్ని ఆట కొంత దిద్దుతుంది. సిమ్యులేషన్‌లో చిన్న కదలికకి కూడా ముందు చక్రాలు గబుక్కున తిరుగుతాయి, ఎదురు కొట్టడం అందువల్ల కూడా కావచ్చు. రెండోది, అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్‌లో యాక్సిలరేషన్ డెడ్‌జోన్, అంటే ట్రిగ్గర్ ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తయినట్టు ఆట లెక్కేస్తుందో ఆ అంకెలు, లోపలిది, బయటిది ఎంతెంత ఉన్నాయి? మా ఫ్రెండు కంట్రోలర్‌లో బయటిది తక్కువగా ఉండేది, వాడు సగం నొక్కానంటాడు, ఆటకేమో ముప్పావు దాటిపోయేది.

ఆఫీసులో వాడి మాట వదిలెయ్యండి. నేర్చుకునేదాకా ట్రాక్షన్ ఆన్ చేసుకుంటే ఎవరూ కేసు పెట్టరు.

రాత్రిబండి:

డబ్ల్యూ కీ గారూ, మీకు దండం పెట్టాలి. డెడ్‌జోన్ చూశాను. బయటిది 65 ఉంది!

ఏడాది కిందట మా పాప కంట్రోలర్‌ని సోఫా మీంచి పడేసింది. అప్పట్నుంచి కుడి ట్రిగ్గర్ చివరిదాకా పోదు. బండికి పూర్తి పవర్ రావడం లేదని నేనే 65 పెట్టుకుని, ఆ సంగతి శుభ్రంగా మర్చిపోయాను. అంటే మూడింట రెండు వంతులు నొక్కితే చాలు, ఆటకి నేను పూర్తిగా తొక్కినట్టే. సున్నాకీ వందకీ మధ్య నాకున్న చోటే తక్కువ. దాన్ని 85 కి తెచ్చాను, అంతకు మించి పెడితే ట్రిగ్గర్ అందుకోవడం లేదు.

బాబాయ్ గారూ, మీరు నన్ను "గారూ", "మీరు" అనకండి, నాకు ముప్పై రెండే. ఒక తప్పు చేశాను, తిట్టండి. ఒక్కొక్కటిగా మార్చమన్నారు, నిన్న రాత్రి ఆత్రం ఆగక అన్నీ ఒకేసారి మార్చేశాను. స్పోర్ట్ టైర్లు, చిన్న టర్బో, డిఫరెన్షియల్ 50, 25, రాడ్డు 24, క్యాంబరు, టో, గాలి, అన్నీ. అది చాలక ఇంకా మంచిదని ముందు రాడ్డు కూడా 30 కి పెంచాను.

తోక తిరగడం ఆగిపోయింది. ఒక్కసారి కూడా తిరగలేదు. కానీ ఇప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి వినడం లేదు, ముందు ముందుకే పోతోంది. గోడ అదే, ఇదివరకు వెనకతో గుద్దేవాణ్ణి, ఇప్పుడు ముందుతో. మా ఇంట్లో మారుతీ స్విఫ్ట్ వానలో వేగంగా మలుపు తిప్పితే ఇలాగే ఉంటుంది.

ఇంకొకటి. ఆటలో వానల సీజన్ వచ్చినప్పుడు ఈ సెట్టింగే ఉంచాలా, వేరేది చేసుకోవాలా?

అలైన్‌మెంట్_బాబాయ్:

ముప్పై రెండా! అయితే నువ్వే. మా మేనల్లుడికంటే పదేళ్లు పెద్దవాడివి, వాడికున్నంత ఆత్రం నీకూ ఉంది.

పవర్ ఇచ్చినప్పుడు జారేదానికి ముందు రాడ్డు ఎందుకు బిగించావు? నేను కదపొద్దన్నదే అది. వెనక మెత్తగా చేసి ముందు గట్టి చేస్తే బరువు మార్పిడి అంతా ముందుకి పోయింది, ముందు టైర్లు చేతులెత్తేశాయి. నీ స్విఫ్ట్ సంగతి కూడా కొంతవరకు అంతే. అది ముందు చక్రాల బండి, తిప్పడం, లాగడం రెండూ ఆ ముందు టైర్లే చెయ్యాలి, బరువు కూడా ఎక్కువ ముందే. మన రోడ్ల మీద చిన్న కార్లు ఇప్పుడు దాదాపు అన్నీ అలాంటివే, అందుకే మనవాళ్లకి తోక జారడమంటే ఏంటో ఆట ఆడేదాకా తెలియదు. ఓమ్ని నడిపినవాళ్లనో, ఇన్నోవా క్రిస్టా నడిపేవాళ్లనో అడుగు, అవి వెనక చక్రాలవి, వానలో ఖాళీగా పోతుంటే వాళ్లు కాలు ఎంత జాగ్రత్తగా పెడతారో చెప్తారు.

ముందు రాడ్డు మళ్లీ 18 కి తే. అప్పటికీ ముందుకే పోతుంటే వెనక రాడ్డు రెండు రెండు చొప్పున పెంచు, తోక కొంచెం కదిలినట్టు అనిపించే దగ్గర ఆపు. అస్సలు కదలకూడదనుకోవద్దు. వెనక చక్రాల బండికి ఆ కాస్త కదలిక ఉంటేనే మలుపు తిరుగుతుంది, అది పూర్తిగా చంపేస్తే ల్యాపు టైమూ చచ్చిపోతుంది.

దిగేటప్పుడు, అంటే బ్రేకు మీద స్టీరింగ్ తిప్పేటప్పుడు వెనక తేలికైనట్టుంటే, అప్పుడు షాకబ్జర్ల దగ్గరికి రా. వెనక రీబౌండ్ (నొక్కుకున్న షాకబ్జరు మళ్లీ సాగేటప్పుడు ఉండే గట్టిదనం) కొంచెం తగ్గించు. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే, బరువు ముందుకి పోయినప్పుడు వెనక చక్రం కిందికి దిగి రోడ్డుని అందుకోవడం ఆలస్యమవుతుంది. అంతకుముందు ముట్టుకోకు.

వానకి వేరేది చేసుకో. ఇదే సెట్టింగుని ఇంకో పేరుతో దాచి, అందులో రాడ్లు రెండూ నాలుగైదు తగ్గించు, స్ప్రింగులు కొంచెం మెత్తగా, డిఫరెన్షియల్ యాక్సిలరేషన్ 40 దగ్గర. తడి రోడ్డు మీద ఏ మార్పూ ఒక్కసారిగా జరగకూడదు, బరువు నెమ్మదిగా జరగాలి. నీళ్లు నిలిచిన గుంటల్లో మాత్రం ఏ ట్యూనింగూ పనిచెయ్యదు, వాటిని తప్పుకుని పోవడమే.

షట్టరు దగ్గర ఎవరో హారన్ కొడుతున్నారు, ఉంటాను.

టర్బో_తమ్ముడు:

నేను కూడా డెడ్‌జోన్ చూసుకున్నా. చెప్పను ఎంతుందో.

రాత్రిబండి:

మూడు రాత్రులు పట్టింది బాబాయ్. ఈసారి నిజంగా ఒక్కొక్కటే మార్చాను, పాప స్కూలు నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంటూ. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

స్పోర్ట్ టైర్లు, వెనక వెడల్పు రెండు మెట్లు ఎక్కువ, టర్బో ఒక మెట్టు తక్కువ. గాలి ముందు 28, వెనక 27. క్యాంబర్ ముందు -1.2, వెనక -0.9. వెనక టో లోపలికి 0.1. రాడ్లు ముందు 18, వెనక 26. డిఫరెన్షియల్ యాక్సిలరేషన్ 55 (50 దగ్గర ఒక మలుపులో లోపలి చక్రం ఊరికే తిరిగింది), డీసిలరేషన్ 25. పెద్ద రెక్క తీసేశాను. స్టీరింగ్ స్టాండర్డ్. ట్రాక్షన్ కంట్రోల్ రెండు రోజులు ఆన్ చేసి, మూడో రోజు తీసేశాను. డిఫరెన్షియల్ మార్చినప్పుడు కనిపించినంత తేడా మిగతా వేటిలోనూ కనిపించలేదు. దాని తర్వాత డెడ్‌జోన్.

నిన్న పది ల్యాపుల్లో రెండుసార్లే తిరిగింది. ఆ రెండూ నా తప్పే, ట్రాక్ అంచు గట్టు మీద చక్రం పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. మూడో గేరు చిట్కా రెండు మలుపుల్లో వాడుతున్నాను, డబ్ల్యూ కీ గారికి థ్యాంక్స్. జారినప్పుడు సగానికే వదలడం మాత్రం ఇంకా రావడం లేదు, వేలు దానంతటదే మొత్తం వదిలేస్తోంది.

అలైన్‌మెంట్_బాబాయ్:

వస్తుందిలే. వెనక గాలి 27 అన్నావు, అది చల్లగా ఉన్నప్పుడు పెట్టిందా, తిరిగాక టెలిమెట్రీలో చూసిందా?

రాత్రిబండి:

చల్లగా ఉన్నప్పుడు పెట్టింది. రెండు ల్యాపులయ్యాక 30 దగ్గర ఆగుతోంది.

అలైన్‌మెంట్_బాబాయ్:

అయితే ముట్టుకోకు.